ధూల్‌పేట్ గల్లీలు, పోలీసు బండ్లు



చార్మినారు వైపు నుండి హుస్సేనీ ఆలం మీదుగా వచ్చి, 1578 లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన పురానాపూల్ దాటినవారికి ఒకవంక కార్వాన్, మరొకవంక బేగంబజారు, ఆ రెంటి నడుమ మంగళ్‌హాట్‌ను ఆనుకొని ధూల్‌పేట్ కనబడును. నిజాముల కాలమున బుందేల్‌ఖండ్ నుండి వచ్చి స్థిరపడిన లోధీల సంతతివారు ఇచట తరతరములుగా నివసించుచున్నారు. సంక్రాంతికి గాలిపటములును, శ్రావణమునకు రాఖీలును, భాద్రపదమునకు వినాయక విగ్రహములును తయారుచేయుట వీరి వృత్తి. నగరమున వాడవాడల వెలసెడి గణపతులలో ఎందరో ఈ పేట వాకిళ్లలోనే రూపు దిద్దుకొని బయలుదేరుదురు. అయినను లోకమున ధూల్‌పేట్ అనగానే ఈ చేతిపనులకు ముందు గుడుంబా యనెడి నాటుసారా జ్ఞప్తికి వచ్చుటయే ఆ పేట దురదృష్టము.

నేటి ప్రసంగ విషయము పోలీసువారు ప్రత్యేక ప్రయోజనములకై వాడెడి వాహనములు. వీనిని గూర్చి మాటలాడుటకు విశాలమైన రాజమార్గములను వదలి ఇరుకు గల్లీల పేటను ఏల ఎన్నుకొంటి ననగా, ఈ వాహనములలో దాదాపు ప్రతి జాతియు ఏదో యొక కాలమున, ఏదో యొక నిమిత్తమున, ధూల్‌పేట్ మొగదలకు వచ్చి నిలిచినదే. ఏ పేటకు ఎట్టి బండి పంపబడుచున్నదో చూచినచో, ప్రభుత్వము ఆ పేటవారిని ఏ దృష్టితో చూచుచున్నదో తెలియును. ధూల్‌పేట్‌కు చిరకాలము సోదా బండి వచ్చినంత తరచుగా సాయపు బండి రాలేదని నా అభిప్రాయము. ఈ మాటను కొంత వివరింపవలసి యున్నది.

మొదట ఈ జాతి బండ్ల పుట్టుక. పోలీసు పనికై ప్రత్యేకముగా నిర్మింపబడిన మొట్టమొదటి మోటారు వాహనము 1899 లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ఆక్రన్ నగరమున తిరిగినది. ఫ్రాంక్ లూమిస్ అను నగర యంత్రశిల్పి దానిని రూపొందించెను. వెల 2,400 డాలర్లు. అది పెట్రోలుతో నడిచినది కాదు. నేడు మనము సరికొత్త వింతగా చెప్పుకొనుచున్న విద్యుచ్ఛక్తితోనే, గంటకు పదునారు మైళ్ల వేగమున, ఒకసారి బ్యాటరీ నింపిన ముప్పది మైళ్ల దూరము పరుగెత్తెడిది. దాని మొదటి రాచకార్యము ఏమనుకొన్నారు? నడివీథిలో త్రాగి తూలుచున్న యొక మనుష్యుని ఎక్కించుకొని ఠాణాకు చేర్చుట. మరుసటి సంవత్సరమే ఆ ఊరిలో పెద్ద అలజడి చెలరేగగా, కోపించిన జనసమూహము ఆ బండిని పట్టుకొని కాలువలోనికి త్రోసివేసెను. తప్పత్రాగినవాని మోయుటతో మొదలై అల్లరిమూకల ఆగ్రహమునకు గురియైన ఆ బండి చరిత్రలో, పోలీసు వాహనము తరువాతి కాలమున ఎదుర్కొనబోవు సమస్యలన్నియు రెండేండ్లలోనే తలసూపినవి. మద్యమును, గుంపులును ధూల్‌పేట్ కథకు కూడ రెండు కొసలగుట చేత నేను ఈ ఆక్రన్ వృత్తాంతమును ఇంత విపులముగా చెప్పితిని.

మన హైదరాబాదున మోటారు వచ్చుట ఆలస్యము కాలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పురమాయింపగా, ఏడవ నిజాము ఏలుబడి తొలినాళ్లలో చేరవచ్చిన 1912 నాటి రోల్స్ రాయిస్ ‘సింహాసన రథము’ లోకప్రసిద్ధము. ప్రభువు రథమెక్కినను, నగరరక్షణ భారము మోసెడి కొత్వాలీ సిబ్బందికి గుఱ్ఱమును, కాళ్లునే ఆధారము. 1920 లో కొత్వాలు పదవి నధిష్ఠించి ఆ కార్యమునకు వన్నె తెచ్చిన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డిగారి నాటి నగర వ్యవస్థయంతయు ప్రధానముగా మనుష్యుల పరిచయము మీదను, గస్తీ తిరిగెడి జవాను కండ్లు చెవుల మీదను ఆధారపడి నడచినది.

గుఱ్ఱమును ప్రత్యేక వాహనములలో చేర్చుట కొందరికి వింతగా తోచవచ్చును. నేను మాత్రము దానినే ముందు పేర్కొందును. ధూల్‌పేట్‌కు అల్ప దూరమున గోషామహల్‌లో నగర పోలీసుల అశ్వశాల చిరకాలము ప్రసిద్ధి వహించినది. అశ్వారూఢుడైన జవాను కన్ను నేలకు సుమారు ఎనిమిది అడుగుల ఎత్తున నుండును. గుంపులో నిలిచిన నూరుగురు పదాతి పోలీసులకు ముందువాని వీపు తప్ప మరేమియు కనబడని తావున, ఆ యొక్కనికి గుంపు ఎచట పలుచబడుచున్నది, ఎచట చిక్కబడుచున్నది, ఏ గల్లీ నోట తొక్కిసలాట మొదలుకానున్నది అను నంశము తేటతెల్లముగా గోచరించును. మేలైన శిక్షణ పొందిన గుఱ్ఱము ప్రక్కవాటుగా అడుగులు వేయుచు జనమును మెల్లగా జరుపగలదు. జనము దానికి దారి యిచ్చుటలో కొంత భయము, కొంత ముచ్చట, రెండును కలసియుండును. పిల్లలు దానిని చూచి పారిపోవుటకు మారుగా దగ్గరకు వత్తురు. మొహర్రము నాడు బీబీకా ఆలం వెంటను, వినాయక నిమజ్జనమునాడు శోభాయాత్ర వెంటను ఆశ్వికదళము నడచుట ఈ నగరమున ఎరుగనివారు లేరు. ఇనుప బండిలో కూర్చున్న పోలీసును చూచి నవ్విన పసివానిని నేను అరుదుగా చూచితిని.

తరువాత జీపు వచ్చినది. స్వాతంత్ర్యానంతరము మూడు నాలుగు దశాబ్దుల పాటు పోలీసు అనిన జీపు, జీపు అనిన పోలీసు. దానిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. కాని జీపును నిజముగా పోలీసు వాహనముగా చేసినది దాని చక్రములు కావు, దానిలో అమర్చిన వైర్లెస్ పెట్టె. లండన్ నగర పోలీసులు 1919 లో ‘ఫ్లయింగ్ స్క్వాడ్’ అను దళమును ఏర్పరచినప్పుడు, డిటెక్టివులు గుడ్డ కప్పిన గుఱ్ఱపు బండిలో దాగి, ఆ గుడ్డకు చేసిన రంధ్రములలో నుండి దొంగలను కనిపెట్టెడివారు. బయలుదేరినపిమ్మట వారికి ఠాణాతో మాటలాడు సాధనము లేదు. 1928 లో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు ఠాణా నుండి కార్లకు రేడియో ద్వారా వార్తలు పంపుట ఆరంభించిరి. అప్పటికి కారు వినగలదే గాని బదులు చెప్పజాలదు. ఇప్పుడు నేను మాటలాడుచుండగా మీరు వినుచున్నట్లే యన్నమాట. ఉభయులును మాటలాడుకొను సౌకర్యము తరువాత వచ్చినది. ఆకాశవాణియు పోలీసు వైర్లెస్సును ఒకే ఆకాశమును పంచుకొన్న జ్ఞాతులు గనుక ఈ సంగతి రేడియోలో చెప్పుట నాకు సంతోషము.

ఇక అందరు ఎరిగిన, అందరు భయపడెడి బండి ‘వజ్ర’. లారీయంత దేహము, కిటికీలకు ఇనుప జాలీలు, పైకప్పున వరుసగా అమర్చిన గొట్టములు. లోపల కూర్చున్నవారు దిగకయే ఆ గొట్టముల నుండి బాష్పవాయు గోళములను ఒకదాని వెంట నొకటిగా విసరగలరు. ఈ గోళముల తయారీకి మన దేశమున ముఖ్యస్థానము మధ్యప్రదేశములోని టేకన్‌పూర్. సరిహద్దు భద్రతా దళము 1976 లో అచట టియర్ స్మోక్ యూనిట్‌ను స్థాపించినది. దీనికి తోడు జలఫిరంగి బండి. వేల లీటర్ల నీరు మోయుచు, పైన నున్న నాళము ద్వారా దానిని ఒత్తిడితో చిమ్మును. మతకలహములను అణచుటకై 1992 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ర్యాపిడ్ యాక్షన్ ఫోర్సును నెలకొల్పినప్పుడు దాని 99 వ బెటాలియన్ మన హకీంపేటకు వచ్చినది. 1990 డిసెంబరులో పాతనగరము అనుభవించిన మతకలహముల విషాదమును ఎరిగినవారికి ఆ నీలిరంగు దుస్తులవారు ఇంత చేరువలో ఏల ఉంచబడిరో చెప్పనక్కరలేదు.

ఈ బండ్లు ధూల్‌పేట్ పరిసరములలో నిండుగా అగుపడు దినము శ్రీరామనవమి. ఆనాడు సీతారాంబాగ్ ఆలయమున బయలుదేరిన శోభాయాత్ర మంగళ్‌హాట్, జాలీ హనుమాన్, ధూల్‌పేట్, పురానాపూల్, జుమ్మేరాత్ బజారు, బేగంబజారు, సిద్దిఅంబర్ బజారు, గౌలిగూడల మీదుగా సాగి కోఠీ దాటి సుల్తాన్‌బజారులోని హనుమాన్ వ్యాయామశాలకు చేరును. దారి పొడవున కూడళ్లలో వజ్రలు, సిబ్బందిని తెచ్చిన బస్సులు, కెమెరాల దృశ్యములను కూర్చి చూపెడి సంచార నియంత్రణ వాహనము నిలిచియుండును. వీనిని చూచి ‘ఇంత ఖర్చు వృథాయేనా, సాయంకాలము దాక ఊరక నిలిచి పోయినవి’ అని పెదవి విరిచెడివారు కలరు. ఆ విమర్శ నాకు రుచింపదు. ఊరక నిలిచి వెడలిపోయిన వజ్రయే తన పని చక్కగా నెరవేర్చినది. గోళము విసరవలసి వచ్చిన క్షణమున అప్పటికే ఎవరో ఎచటనో పొరపాటు పడినట్లే లెక్క.

పైగా బాష్పవాయువునకు గల్లీ సంగతి తెలియదు. మైదానమున విసరిన గోళము పొగ గాలిలో కలసిపోవును. గుంపు తప్పుకొనుటకు నాలుగు దిక్కుల దారియుండును. ధూల్‌పేట్ వంటి చోట ఇండ్ల గోడలు ఒండొంటిని తాకుచుండును. వాకిలియే కార్ఖానా, వంటయిల్లే పడకగది. అట్టి గల్లీలో పొగ నిలిచిపోయి, రాయి విసిరిన యువకుడు అప్పటికే పరుగెత్తి పోయియుండగా, మంచమున పడియున్న ముసలమ్మకును, ఉయ్యాలలోని బిడ్డకును ఊపిరాడదు. కనుక ఈ యాయుధమును ప్రయోగించు నధికారి గాలి దిశను, గుంపునకు వెనుకనున్న నిర్గమమార్గమును ముందు పరికింపవలెను. ఆ వివేకము బండితోపాటు కర్మాగారమునుండి దిగుమతి కాదు.

ఇప్పుడు నేను మొదట చెప్పిన సోదా బండి మాటకు వత్తును. ధూల్‌పేట్‌కు ఎన్నో యేండ్లు ఎక్కువగా వచ్చినది ఖాకీవారి బండియే యైనను, అది తరచు పోలీసుది గాక ఆబ్కారీ శాఖది. రెంటికిని భేదము బయటివారికి తెలియకపోవచ్చును గాని గల్లీ చివర బండి శబ్దము విన్నంతనే ఏ శాఖవారిదో గుర్తింపగల నేర్పు పేటవారికి కలదు. తెల్లవారుజామున వచ్చుట, ఇండ్లలో వెదకుట, బెల్లపు పానకమును మోరీలో పారబోయుట, నల్లబెల్లము బస్తాలను, పటికను, కుండలను ఎక్కించుకొని పోవుట. ఇది దశాబ్దుల తరబడి నడచిన వ్యవహారము. గుడుంబా పేదవాని ప్రాణమును హరించెడి విషమనుటలో సందేహము లేదు. దానిని సమర్థించుట నా ఉద్దేశము కాదు. తెలంగాణ యేర్పడిన తరువాత ప్రభుత్వము గుడుంబాను నిర్మూలించుటకు గట్టి ప్రయత్నము చేసి, ఆ వృత్తి మానినవారికి పునరావాసమును కూడ తలపెట్టినది. ఆ మీదట గంజాయి వచ్చినది. 2024 లో ఆబ్కారీ శాఖ ‘ఆపరేషన్ ధూల్‌పేట’ అను పేరనే దాడులు సాగించినది. ఒక పేట పేరు ఒక దాడికి పెట్టినప్పుడు ఆ పేటలో గాలిపటములు కట్టి బ్రతుకు బాలిక పాఠశాలలో తన చిరునామా చెప్పుటకు ఎంత జంకునో, పేరు పెట్టిన అధికారులు ఆలోచించిరో లేదో!

ఈ చరిత్ర నడుమ 2014 ఆగస్టు ఒక చిన్న మలుపు. ఆ నెలలో ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు నగర పోలీసులకు మొదటి విడతగా నూరు ఇన్నోవా కార్లను, మూడు వందల మోటారు సైకిళ్లను జెండా ఊపి ప్రారంభించిరి. వీనితోపాటు నగరములోని ఒక్కొక్క ఠాణాకు నెలకు 75,000 రూపాయల నిర్వహణ వ్యయమును మంజూరు చేసిరి. బండ్ల ప్రారంభోత్సవ చిత్రములు పత్రికలలో పెద్దవిగా పడినవి. డబ్బు మాట చిన్న అక్షరములలో పడినది. నా దృష్టిలో రెండవదియే ఘనకార్యము. పెట్రోలునకు పైకము లేక ఠాణా ముంగిట నిలిచిన జీపులను, ఫిర్యాదుకు వచ్చినవానినే ఆటో తెమ్మని అడిగిన రోజులను ఎరిగిన తరమునకు దాని విలువ తెలియును.

ఈ పెట్రోలింగ్ కార్లు, మోటారు సైకిళ్లు, ఈ రెంటిలో ధూల్‌పేట్ వంటి పేటకు ఏది ప్రయోజనకరము అని అడిగినచో, నేను తడుముకొనక మోటారు సైకిలే అందును. ఇన్నోవా పెద్ద రోడ్డున హుందాగా తిరుగును. గాయపడినవానిని పరుండబెట్టి ఉస్మానియా ఆసుపత్రికి తీసికొనిపోవుటకు తగును. కాని దాని వెడల్పు దాని శత్రువు. ప్రధాన వీథిని వదలి రెండు మలుపులు తిరుగునప్పటికి ఎవరో తడి విగ్రహమును ఎండలో పెట్టియుందురు, ఎవరో మంచము వాల్చియుందురు. అచట అది ఆగిపోవును. నగరములో ‘బ్లూ కోల్ట్స్’ అని పేరుపడిన మోటారు సైకిలు జవానులు ఇద్దరు ఒక బండి మీద ఆ సందుల లోపలికి పోగలరు. అంతకంటె ముఖ్యము, వారి ముఖము కనబడును. అద్దములు ఎత్తిన కారులోని పోలీసు పేటను చూచును, పేట అతనిని చూడదు. మోటారు సైకిలు మీదివాడు గల్లీ మొగలో ఆగినచో ఎవరో ఒకరు ‘క్యా భాయ్’ అని పలుకరించక మానరు. భార్యను కొట్టుచున్న భర్తను ఆపుటకు, తప్పిపోయిన బిడ్డను వెదకుటకు, పొరుగువారి కొట్లాట కత్తుల దాక పోకమునుపే చేరుటకు ఆ పరిచయము అక్కరకు వచ్చును.

నేరము జరిగిన పిమ్మట వచ్చెడి బండి వేరు. వ్రేలిముద్రల పొడి, రక్తపు నమూనాలు సేకరించు సామగ్రి, కెమెరాలు గల క్లూస్ టీమ్ వాహనమును మీరు వార్తలలో వినియుందురు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, ఏడేండ్లు గాని అంతకు మించి గాని శిక్ష పడదగిన నేరములలో రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించిన తేదీ నుండి ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలమునకు వెళ్లి తీరవలెను. సోదాలను దృశ్యశబ్ద సాధనములతో చిత్రీకరింపవలెను. దీనివలన రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ప్రయోగశాల పని చక్రముల మీద వీథులలోనికి వచ్చుచున్నది. ఇంట సోదా జరిగిన తీరు కెమెరాలో నిలిచియుండుట పేటవారికి రక్షణయే, నిజాయితీగల అధికారికి కూడ రక్షణయే.

ధూల్‌పేట్ వాసులును పోలీసు వాహనములును విరోధము లేక కలసి పనిచేయు కాలమొకటి కలదు. అది వినాయకచవితికి ముందు పక్షమును, అనంతచతుర్దశియు. ముందు దినములలో జిల్లాల నుండి వచ్చిన లారీలు, ట్రాలీలు విగ్రహములను ఎక్కించుకొనుటకు రాత్రింబవళ్లు బారులు తీరును. ఎత్తయిన విగ్రహము ఒకటి విద్యుత్తు తీగల క్రింద నిలిచిపోయెనా, బేగంబజారు వరకు దారి స్తంభించును. అప్పుడు ట్రాఫిక్ పోలీసుల క్రేను, చెడిన లారీని లాగివేసెడి రికవరీ వ్యాను పేటవారికి ఆత్మబంధువులు. ఇతర దినములలో స్కూటరును ఎత్తుకొనిపోవునదని శాపనార్థములు పెట్టబడెడి ఆ క్రేనునే ఆ దినములలో చాయ్ ఇచ్చి పిలుతురు. నిమజ్జనము నాడు ఊరేగింపు మధ్యలో ఒక్క లారీ ఇరుసు విరిగినను వెనుకనున్న వందలాది వాహనములు ఆగిపోవును. ఆగిన జనము విసుగుచెందును. విసుగు నుండియే గొడవలు పుట్టును. కనుక ఆ రాత్రి శాంతిభద్రతలను కాపాడుటలో వజ్ర కంటె రికవరీ వ్యాను చేసెడి మేలు అధికమని నా నిశ్చితాభిప్రాయము. దానిని నడిపెడి డ్రైవరు పేరు మరునాడు ఏ పత్రికలోను రాదు.

2022 ఆగస్టు 4 న బంజారాహిల్స్‌లో ప్రారంభమైన సమగ్ర కమాండ్ కంట్రోల్ కేంద్రపు ఎత్తయిన గోపురములనుండి నగరమంతయు తెరల మీద కనబడవచ్చును. కన్ను ఇంత ఎత్తునకు పోయిన దినములలో బండి చిన్నది కావలసిన యవసరము ఎక్కువైనది. పాతనగరపు గల్లీల కొలతకు తగిన ఇరుకైన, శబ్దము లేని, విద్యుత్తుతో నడిచెడి చిన్న బండ్లను, ఒక రోగిని పరుండబెట్టుటకు చాలునంత చోటుతో తయారుచేయించి మంగళ్‌హాట్ ఠాణాకు ఈయవలెనని అధికారులకు నా విన్నపము. నూట ఇరువదియైదేండ్ల క్రిందట ఆక్రన్ యంత్రశిల్పికి సాధ్యమైనది మనకు అసాధ్యము కానేరదు.

శ్రోతలకు కూడ ఒక విన్నపము. 2017 మే నెల మొదటి తేదీ నుండి మంత్రుల కార్లపై ఎఱ్ఱదీపములు పోయినవి; నేడు మెరిసెడి దీపము వెలిగించుకొని సైరను మ్రోగించుచు వచ్చు బండి, అత్యవసర కార్యము మీద పోవుచున్న పోలీసుదో, అగ్నిమాపక దళముదో, ఆంబులెన్సో అయియుండును. దానికి దారి యీయనివారికి మోటారు వాహనముల చట్టము 194-ఇ సెక్షను క్రింద పదివేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చును. మీకే ఆపద వచ్చినచో పిలువవలసిన సంఖ్య 112. పిలిచినప్పుడు మీ గల్లీ పేరుతోపాటు కారు లోపలికి రాగలదా, మోటారు సైకిలే రావలెనా అన్నది కూడ చెప్పుడు.